డిప్లొమా అయ్యి ఖాళీగా ఉన్న తమ్ముడికి అప్రెంటిస్‌షిప్ పనికొస్తుందా?

టెక్కలి అక్క:
మా తమ్ముడు మెకానికల్ డిప్లొమా పాసై ఇంట్లోనే ఉన్నాడు. జాబ్ మేళాలకు వెళ్తే ప్రతి కంపెనీ అడిగేది ఒక్కటే, ఎక్స్‌పీరియన్స్ ఉందా అని. ఎవరో ఒకరు పనిలో పెట్టుకుంటేనే కదా అది వచ్చేది! ఇప్పుడు ఒక కన్సల్టెన్సీ వాళ్లు ముప్పై వేలు కడితే శ్రీసిటీలో ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు, నాన్న అప్పు తేవడానికి సిద్ధపడ్డారు. అప్రెంటిస్‌గా వెళ్తే ఏడాది వాడుకుని పంపేస్తారని చుట్టాలు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

ఫిట్టర్ విశాఖ:
అమ్మా, ముందు ఆ అప్పు ఆపండి. అప్రెంటిస్‌షిప్‌కి మనం పైసా కట్టక్కర్లేదు, వాళ్లే స్టైపెండ్ ఇవ్వాలి. 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న ఏ సంస్థయినా 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని రూలే ఉంది, మధ్యలో ఈ కన్సల్టెన్సీ ఎందుకు? డిప్లొమా, డిగ్రీ వాళ్లకు అప్రెంటిస్‌షిప్‌ల కోసం నాట్స్ (NATS) అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ఉంది, అందులో తమ్ముడి చేత నేరుగా అప్లై చేయించండి. చుట్టాలు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, 1961 అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. అయినా చివర్లో వచ్చే సర్టిఫికెట్ చూపిస్తే అనుభవం లేదనే మాట ఎవరూ అనలేరు.

షాప్ ఫ్లోర్:
నేను ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని, అప్రెంటిస్‌లు నా కిందే పని నేర్చుకుంటారు. పర్మినెంట్ ఖాళీ వస్తే మేం మొదట చూసేది వాళ్లనే, ఎందుకంటే ఎవరు టైముకి వస్తారో, ఎవరికి డ్రాయింగ్ చదవడం వచ్చో మాకు అప్పటికే తెలుసు. కొన్నిచోట్ల మాత్రం ఏడాదంతా ప్యాకింగ్‌లోనే పెడతారు, అందుకే చేరేముందు ఏ మెషీన్ మీద నేర్పిస్తారు, కాంట్రాక్టు పోర్టల్‌లో రిజిస్టర్ చేస్తారా, పోయినేడాది బ్యాచ్‌లో ఎంతమందిని ఉంచుకున్నారు అని మొహమాటపడకుండా అడగమనండి.

సూళ్లూరుపేట:
రూమ్ అద్దె, మెస్ ఖర్చు కూడా లెక్కేసుకోండి. మా దగ్గరికి దూరం నుంచి వచ్చిన పిల్లలు పని కష్టమై కాదు, స్టైపెండ్ చాలక మధ్యలోనే వెళ్లిపోతున్నారు, చూస్తే బాధేస్తుంది. క్యాంటీన్, బస్సు ఉన్న కంపెనీ అయితే స్టైపెండ్ కాస్త తక్కువైనా నయం.

టెక్కలి అక్క:
అందరికీ థ్యాంక్స్ అన్నా. నాన్నకు ఇవన్నీ చదివి వినిపించా, అప్పు మాట వదిలేశారు. విశాఖలో అయితే పిన్ని వాళ్లింట్లో ఉండొచ్చు, ముందు అక్కడి కంపెనీలకే అప్లై చేయిస్తా.