అద్దె ఇంటి పెరట్లో ఉప్పు నీరు, ఏం చేయాలి?

రాజోలు దగ్గర పల్లెలో పెంకుటిల్లు అద్దెకు తీసుకుని ఏడాదవుతోంది. వానాకాలంలో పెరట్లో బెండ, గోంగూర బాగానే కాశాయి. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక బోరు నీళ్లే దిక్కయ్యాయి. నాలుకకు తగిలితేనే ఉప్పు. మడుల అంచున తెల్లటి పొర పేరుకుంది, బెండ ఆకుల కొసలు కాలినట్టు ఎండాయి. గోంగూర మాత్రం మొండిది, ఇంకా నిలబడే ఉంది.

ఇటుకలతో ఎత్తు మడులు కట్టి చెరువు మట్టి పోద్దామంటే ఇంటి యజమాని "గోడకు చెమ్మ ఎక్కుతుంది, వెళ్లేటప్పుడు ఎవరు తీస్తారు?" అంటున్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. పైగా అడ్వాన్సు ఆయన చేతిలోనే ఉంది మరి!

గోడకు ఎంత దూరంలో మడి వేస్తే చెమ్మ రాదు? కొబ్బరి పొట్టు నింపిన సంచుల్లో మొక్కలు ఈ నీటికి నిలుస్తాయా, లేక వానలు నేలను కడిగేదాకా ఆగడమే మేలా? పెంకుల మీది వాన నీరు పట్టి దాచుకున్నవారు ఎన్ని డ్రమ్ములు సరిపోయాయో చెప్పండి.