కొత్తగా నేర్చుకునేవాళ్ళ గీతలు దిద్దేటప్పుడు తప్పులన్నీ చెప్పాలా, ఒక్కటి చెప్పి ఆగాలా?

పర్లాకిమిడి_పెన్ను:
మన బొమ్మల గ్రూపులో కొత్తవాళ్ళు పెట్టే మొదటి మూడు పేజీలు (ఒకటి చుక్క నుంచి చుక్కకి గీతలు, ఒకటి ఓవల్స్, ఒకటి బాక్సులు) ఎలా దిద్దాలన్న విషయంలో మనలో మనకే పొంతన లేదు. రాయగడ నుంచి ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి పెట్టిన పేజీలకి వచ్చిన జవాబులే తీసుకోండి. ఒకరు కంటికి కనబడ్డ ప్రతి తప్పునీ వరసపెట్టి రాశారు. గీత వణికింది, చివర చుక్క దాటింది, ఓవల్ కొసలు మొనదేలాయి, బాక్సు వెనక మూల కలవలేదు, ఒత్తిడి ఎక్కువైంది, మార్జిన్ వదల్లేదు. ఇంకొకరు "సూపర్ తల్లీ, ఇలాగే గీస్తూ ఉండు" అని ఊరుకున్నారు. ఈ రెండిట్లో ఏది చదివినా, రేపు కాగితం ముందు కూర్చుని ఏం చెయ్యాలో ఆ పిల్లకి తెలీదు.

నేననేది ఇది. పేజీకి ఒక్క తప్పే చెప్పాలి. అది ఎక్కడ పుట్టిందో చెప్పాలి: మణికట్టులోనా, తొందరలోనా, కాగితం పెట్టుకున్న తీరులోనా. దానికి ఒకే కసరత్తు ఇవ్వాలి, ఎన్నిసార్లు గియ్యాలో అంకెతో సహా. మిగతావి వచ్చే పేజీలో చూసుకోవచ్చు.

ధర్మాబాద్_డ్రాయింగ్:
నేను ఒప్పుకోనన్నా. మా దిక్కు పిల్లలు ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు రాస్తరు. మహారాష్ట్ర కళా సంచాలనాలయం పెట్టే పరీక్షలవి. ఎదురుగ వస్తువులు పెట్టి గీసేది ఒకటి, జ్ఞాపకం మీద గీసేది ఒకటి, డిజైన్ ఒకటి, జామెట్రీ-అక్షరాలు ఒకటి. గ్రేడ్ వస్తే పదో తరగతిల మార్కులు కలుస్తయని తల్లిదండ్రులు గూడ పట్టుదలగ ఉంటరు. పేపరు దిద్దేటాయన ఒక్క తప్పు చూసి తతిమ్మావి వదిలిపెడ్తడా? పిల్లకు ఒక్కటే చెప్పి పంపితే, మిగతా అయిదు సక్కగనే ఉన్నయనుకుంటది. అది మోసం చేసినట్టే అయితది.

ఇంకో మాట. వస్తువు బొమ్మల తప్పులు గొలుసుకట్టుగ వస్తయి. చెంబు మూతి ఓవల్ పక్కకు ఒరిగితే మెడ ఒరుగుతది, మెడతోని కడుపు ఒరుగుతది, ఆఖరుకు నీడ గూడ తప్పు దిక్కు పడ్తది. నీడ గురించి చెప్పకుంట మూతి గురించే చెప్తే, ఆ రెంటికీ సంబంధం ఉన్నదని పిల్లకెట్ల తెలుస్తది?

గుణుపురం_గీత:
ధర్మాబాద్ అన్నయ్యా, మీ చెంబే పెన్నుగారి మాటకి సాక్ష్యం చెప్తోంది కదా! మూతి ఒక్కటి సరిచేస్తే మెడ, కడుపు, నీడ మూడూ దారిలో పడతాయి. నాలుగు తప్పులుగా రాస్తే పిల్ల నాలుగు చోట్ల రబ్బరు పట్టుకుంటుంది.

గీతల పేజీ దిద్దడమంటే గుర్తుని బట్టి మూలం పట్టుకోవడమే. స్కేలుతో ఒక గీత గీసి, దాని మీదే చేత్తో 8 సార్లు గియ్యమనండి. ఇక ఆ పేజీయే మాట్లాడుతుంది.

ఎడమ చివర, అంటే మొదలుపెట్టే చోట, గీతలు చీపురు పుల్లల్లా విడిపోయాయా? పెన్ను మొన చుక్క మీద ఆనించకుండానే చెయ్యి కదిలిపోతోంది. ఇది నేర్పు లేక వచ్చిన తప్పు కాదు, ఓపిక లేక వచ్చింది. గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజే పోతుంది. కుడి చివర విడిపోతే మాత్రం మొదటి నెలల్లో ఎవరికైనా అంతే, దాని జోలికి పోవద్దు.

గీత పొడవునా సన్నగా వణుకు ఉంటే, మెల్లగా గీస్తూ కంటితో చూసి దారి సరిచేసుకుంటోందని అర్థం. మందు: రెండు చుక్కలు పెట్టి, పెన్ను కాగితానికి ఆనకుండా గాల్లో 3, 4 సార్లు ఆ దారిన చెయ్యి ఆడించి, తర్వాత ఒకే ఊపులో గియ్యడం. చుక్కకి పక్కనుంచి పోయినా ఫరవాలేదు. ముందు వణుకు పోవాలి, గురి తరవాత కుదురుతుంది.

గీతలన్నీ ఒకే వైపు, అంటే ఒంటికి అవతలి వైపు విల్లులా ఉబ్బితే, మణికట్టునో మోచేతినో బల్ల మీద పాతి అక్కణ్ణుంచి తిప్పుతున్నట్టు. 3, 4 సెంటీమీటర్లలోపు గీతకి మణికట్టు చాలు. అంతకు మించితే భుజం కదలాలి. వంపు ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఉంటే అది వేరు, అక్కడ చెయ్యి నిలకడగా లేదంతే.

చుక్క దాటి గీత ముందుకి పోతే చాలామంది "నెమ్మదిగా గియ్యి" అంటారు. అలా అంటే వణుకు మళ్ళీ వస్తుంది. "చుక్క దగ్గర పెన్ను ఆపకు, పైకి ఎత్తెయ్యి" అనాలి.

ఆ రాయగడ అమ్మాయి పేజీలో వణుకూ ఉంది, చుక్క దాటడమూ ఉంది. రెండూ ఒకేసారి చెప్తే ఒకటి వేగం పెంచమన్నట్టు, రెండోది తగ్గించమన్నట్టు వినబడుతుంది. అన్నీ చెప్పకూడదనడానికి నా దగ్గరున్న గట్టి కారణం ఇదే.

సిరోంచ_స్కెచ్:
ఒకటా ఆరా అని కొట్లాడేముందు, మనం చూస్తున్నది పిల్ల గీసిన తప్పేనా, ఫోన్ చేసిన తప్పా అని చూడాలె. బల్ల మీద కాగితం పెట్టి, కూసున్న చోట్నించే ఏటవాలుగ ఫోటో తీస్తే గుండ్రంగ గీసినది ఓవల్ అయితది, సమాంతరంగ గీసిన గీతలు పైకి పోయేకొద్ది దగ్గరికొస్తయి. మనమేమో "నీ బాక్సుల పర్స్పెక్టివ్ (దూరం పోయేకొద్ది గీతలు దగ్గరికొచ్చే తీరు) ఎక్కువైంది" అంటం.

కాగితం నాలుగు మూలలు ఫోటోల పడాలె. ఆ నాలుగు అంచులే దీర్ఘచతురస్రంగ లేకపోతే బాక్సుల గురించి నోరు తెరవద్దు, మళ్ళ తీయమనాలె. కాగితాన్ని నేల మీద పరిచి, ఫోన్‌ని దానికి సమానంగ పైన పట్టుకోవాలె. మరీ దగ్గర పెడితే అంచులు వంగుతయి కాబట్టి కొంచెం ఎత్తు నించి 2ఎక్స్ జూమ్ పెట్టి తీయాలె. ఫ్లాష్ వద్దు, పెన్సిల్ గీత మెరిసి మాయమైతది. కిటికీ వెలుగు పక్క నించి పడితే చాలు. స్కానర్ యాప్‌ల తెలుపు-నలుపు చేసి పంపితే సన్న గీతలు పోతయి, ఒత్తిడి ఎంతున్నదో తెల్వది. వాట్సాప్‌ల పంపేటట్టయితే డాక్యుమెంట్ లెక్క పంపుమనండి, ఫోటో లెక్క పంపితే నాణ్యత పడిపోతది.

పర్లాకిమిడి_పెన్ను:
సిరోంచ అన్నా, ఇది ముందే చెప్పుకోవాల్సింది. ఆ అమ్మాయి బాక్సుల పేజీ ఫోటోలో కాగితం పైరెండు మూలలే లేవు. కాబట్టి వెనక మూల గురించి రాసిన తప్పు ఉందో లేదో ఇంకా తేలలేదు. ఆ పేజీ పక్కన పెడదాం.

జయపురం_2బి:
ఓవల్స్ గురించి నేను చెప్తాను, ఇక్కడే ఎక్కువమంది ఉట్టి మాటలు రాస్తారు. "ఓవల్ బాగోలేదు" అంటే ఆ పిల్ల ఏం చెయ్యాలి?

కొసలు బాదంగింజలా మొనదేలితే, మలుపు దగ్గర చెయ్యి ఆగి మళ్ళీ బయల్దేరుతోంది. ఆగకుండా రెండు చుట్లు తిప్పమనాలి, ఎక్కువలో ఎక్కువ మూడు. నాలుగో చుట్టుతో గీత లావైపోయి తప్పు కనబడదు. చుట్లు ఒకదాని మీద ఒకటి పడకపోయినా ఆకారం గుండ్రంగా ఉంటే చాలు. ఆకారం బావుండి ఒక పక్కకి ఒరిగితే అది చెయ్యి తప్పు కాదు, ఇరుసు తప్పు. ఓవల్ని వెడల్పు తక్కువున్న వైపు అడ్డంగా రెండు సమాన ముక్కలు చేసే గీత ముందు గీసుకుని, దాని మీద ఓవల్ కట్టమనాలి.

ఇక గ్లాసు, బిందె గీసేటప్పుడు దాదాపు అందరూ చేసేది: మూతి బాగా గుండ్రంగా, అడుగు గీత గీసినట్టు అడ్డంగా. బల్ల మీద వస్తువు కంటి ఎత్తుకి కింద ఉంటుంది. కంటికి దగ్గర ఎత్తులో ఉన్న మూతి సన్నగా కనబడాలి, ఇంకా కిందున్న అడుగు అంతకంటే గుండ్రంగా కనబడాలి. బల్ల సమంగా ఉందని తెలుసు కాబట్టి పిల్లలు తెలిసింది గీస్తారు, కనబడింది గియ్యరు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి చూడమనండి, మూతి, నీటి మట్టం, అడుగు మూడూ ఒకేసారి కనబడతాయి.

ఒక తగువు నేనూ పెడతాను. పిల్ల బొమ్మ మీదే మనం ఎర్ర గీతలు గీసి తిప్పి పంపడం మానేద్దాం. ఒక్క ఓవల్ మాత్రం దిద్ది చూపించి, మిగతా వాటిలో అదే తప్పు ఎక్కడెక్కడ ఉందో తనని చుట్టమనాలి. అన్నీ మనమే చుడితే దిద్దడం మనకి వస్తుంది, తనకి రాదు.

ధర్మాబాద్_డ్రాయింగ్:
బాక్సులకు ఆ లెక్క పనిచేయదు 2బి అన్నా. బాక్సుకు 12 అంచులు, ఒకే దిక్కు పోయే నాలుగేసి గీతలు మూడు జట్లు. ఒక్కో జట్టుకు ఒక్కో రంగు పెన్ను పెట్టి, మనకు దూరంగ పోయే దిక్కు గీతలను పొడిగిస్తే తప్ప తప్పేందో ఎవ్వరికీ కనపడది. పిల్లలు మనవైపుకు పొడిగిస్తరు, అప్పుడు అన్నీ విడిపోయినట్టే కొడ్తది. మొదటి రెండు బాక్సులన్నా మనమే పొడిగించి చూపించాలె. పోయేకొద్ది గీతలు విసనకర్ర లెక్క విప్పుకుంటే అదొక తప్పు. నాలుగింట్ల లోపలి రెండే ముందుగాల కలిసిపోతే వెనక మూల తప్పింది, అది వేరే తప్పు. మాటతోని రాస్తే ఈ రెండూ పిల్లకు ఒక్కటే లెక్క వినపడ్తయి.

జయపురం_2బి:
బాక్సుల వరకు ఒప్పుకుంటాను. మొదటి రెండిటికే.

రాయగడ_రంగులు:
ఇంతసేపూ అందరూ కాగితం, పెన్ను, పర్స్పెక్టివ్ దగ్గరే తిరుగుతున్నారు. ఒడిశాలో మా జిల్లాలోనూ గజపతిలోనూ లాంజియా సవర గిరిజనుల ఇళ్ళలో ఇడితాల్ అనే గోడబొమ్మ ఉంటుంది. ఎర్రమన్ను పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, లేత వెదురు పుల్ల కుంచెతో వేస్తారు. ముందు చుట్టూ అంచు కట్టి, అక్కణ్ణుంచి లోపలికి నింపుకుంటూ పోతారు. మనుషులు, గుర్రాలు, చెట్లు అన్నీ బల్లపరుపుగానే ఉంటాయి. ఆ బొమ్మలు చూస్తూ పెరిగిన పిల్ల మనిషిని అలాగే గీస్తే, "లోతు లేదు, తప్పు" అని రాసినవాళ్ళని ఈమధ్యే చూశాను. ఆ పేజీ దేనికి గీసిందో అడగకుండా దిద్దకూడదు. బాక్సుల కసరత్తులో లోతు లేకపోతే తప్పే. అంచు కట్టి నింపే బొమ్మలో లోతు అడగడం దిద్దేవాళ్ళ తప్పు.

గీత అక్క భుజం నుంచి గియ్యమన్నారు కదా, ఆ మాట కాగితం మీద చదివితే ఎవరికీ పట్టుబడదు. ఈ అమ్మాయి వాకిట్లో ముగ్గు వేస్తుందో లేదో అడగండి. ముగ్గులో వేళ్ళు పిండి వదలడానికే, దారి నడిపేది మొత్తం చెయ్యి. బారెడు గీత ఆగకుండా లాగగలిగిన పిల్లకి భుజం ఆడించడం వచ్చినట్టే. పాత వార్తాపత్రిక నేల మీద పరిచి, ముగ్గు వేసినట్టే వంగి, మార్కర్‌తో అర మీటరు గీతలు 20 గియ్యమనండి. ఆ తరవాత అదే కదలికతో ఏ4 మీదకి రమ్మనండి.

గుణుపురం_గీత:
ఇది చాలా బావుంది. రేపట్నుంచి విల్లు వంపు కనబడిన ప్రతి పేజీకీ ముందు ఇదే అడుగుతాను.

ధర్మాబాద్_డ్రాయింగ్:
సరే, నా మాట ఇట్ల పెడ్తా. పరీక్ష రెండు నెలల్ల ఉన్న పిల్లకు అన్ని తప్పులు రాయాల్సిందే, కానీ వరుస పెట్టి: ఏది ముందు సరిచేస్తే ఏవేవి వాటంతటవే పోతయో చూపించి. పరీక్ష లేని పిల్లకు మీరన్నట్టు ఒక్కటి. ఏ పిల్లకైనా "బాగుంది" అని ఒట్టిగ రాసుడు మాత్రం వద్దు. ఏది బాగుందో వేలు పెట్టి చూపించాలె, లేకపోతే వచ్చే పేజీల అదే పోగొట్టుకుంటది.

పర్లాకిమిడి_పెన్ను:
ఆ అమ్మాయికి ఈ జవాబు పంపుదామనుకుంటున్నాను. అభ్యంతరాలుంటే చెప్పండి.

"అమ్మా, గీతల పేజీలో మొదలుపెట్టే చుక్క దగ్గర నీ గీతలన్నీ ఒక్కచోటే పడ్డాయి. పెన్ను ఆనించి గీస్తున్నావు, అది వదలకు. గీత మధ్యలో సన్నగా వణుకుతోంది. చెయ్యి నెమ్మదిగా పోతూ కళ్ళు దారి వెతుక్కుంటున్నప్పుడు ఇలా అవుతుంది. రోజుకి ఒక ఏ4 కాగితం, అడుగున ఇంకో నాలుగు కాగితాలు మెత్తగా పెట్టుకో. 10 సెంటీమీటర్ల దూరంలో రెండేసి చుక్కలు, 20 జతలు. ప్రతి జతకీ గాల్లో మూడుసార్లు, కాగితం మీద ఒక్కసారి. గురి తప్పినా మళ్ళీ దాని మీద గియ్యకు, పక్క జతకి వెళ్ళు. ఒక వారం తరవాత మొదటి రోజు పేజీ, ఏడో రోజు పేజీ రెండూ పంపు. బాక్సుల పేజీ నాలుగు మూలలూ పడేలా పైనుంచి ఫోటో తీసి పంపు, అప్పుడు చూస్తాం. ఓవల్స్ ప్రస్తుతానికి ఆపు."

జయపురం_2బి:
ఏ పెన్నుతో గియ్యాలో రాయలేదు. తను 2బి పెన్సిల్‌తో గీసింది, రబ్బరు మరకలు కనబడుతున్నాయి. బాల్ పెన్ను అనండి, చెరిపే వీలుండదు. ఓవల్స్ ఆపమనడం నాకు నచ్చలేదు. రోజుకి పది ఓవల్స్‌తో చెయ్యి అలవాటు పోకుండా ఉంటుంది.

సిరోంచ_స్కెచ్:
బాల్ పెన్ను కన్న 0.5 ఫైన్‌లైనర్ (సన్న మొన సిరా పెన్ను) దొరికితే మంచిది. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ సిరా చుక్క లావుగ పడ్తది, ఫోటోల మనకు గూడ కనపడ్తది. దొరకకుంటే బాల్ పెన్నే.

గుణుపురం_గీత:
ఓవల్స్ ఆపమనడమే సరి అని నా మాట. వణుకు పోకుండా ఓవల్స్ గీస్తే మలుపు దగ్గర అదే ఆగడం అలవాటైపోతుంది, తరవాత వదిలించడం కష్టం. వారమే కదా. పెన్నుగారూ, "బాల్ పెన్ను" ఒక్కటీ కలిపి పంపెయ్యండి.