తాత పొలంలో మళ్ళీ సేద్యం: నీలగిరి మోళ్ళు, కూలిన మిద్దె, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో, సొంతూరు బాగేపల్లి పక్కన. తాత పోయాక చేసేవాళ్ళు లేక 4 ఎకరాల్లో నీలగిరి పెట్టాం, 12 ఏళ్ళకి మొన్న వేసవిలో కొట్టించాం, మోళ్ళు అప్పుడే చిగుళ్ళు వేస్తున్నాయి. మట్టి మిద్దె నిరుడు వానలకు ఒక మూల కూలింది, బావి పూడిపోయింది. మందులు లేకుండా రాగి, కంది, అనప, కాసిని కూరగాయలు పండించాలని ఉంది. ఉద్యోగం మానలేను, శని ఆదివారాలే వెళ్ళగలను. ఆ ఇంట్లో ఇంకో సంక్రాంతి చేసుకోవాలని అవ్వ అడుగుతోంది, అందుకే తొందర. గోడలకు సిమెంటు పూస్తే ఇక చూసుకోనక్కర్లేదని మేస్త్రీ అంటున్నాడు, నిజమేనా?

జవాబు 1:
తమ్ముడూ, చింతామణి వైపు మేం ఇదే పని చేశాం. పైపైన నరికితే నీలగిరి చావదు, తొలి వానకు నేల మెత్తబడ్డాక జేసీబీతో మోడు వేళ్ళతో సహా పీకించండి. ఆ వెంటనే రాగి చల్లి మేం దెబ్బతిన్నాం, నేలలో మిగిలిన వేళ్ళు కుళ్ళేటప్పుడు నత్రజనిని లాగేసుకుంటాయి, పైరంతా పసుపు రంగుకు తిరిగిపోయింది. మొదటి ఏడాది జనుమో ఉలవో వేసి పూత దశలో కలియదున్నండి, ఎండాకాలంలో గొర్రెల మంద కట్టించండి. జీవామృతం అందరూ చెప్తారు (ఎకరాకు 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, బెల్లం, పప్పు పిండి రెండేసి కిలోలు, గుప్పెడు గట్టు మన్ను), మేమూ వాడతాం, కానీ పెంట ఎరువు లేని నేలకు అదొక్కటే చాలదు. దయచేసి మొదటి ఏడాది ఒక్క ఎకరమే చేయండి, వారానికి రెండు రోజుల్లో నాలుగెకరాలు అవ్వవు.

జవాబు 2:
సిమెంటు వద్దండీ! మట్టి గోడ తేమను పీల్చి వదులుతూ ఉంటుంది, పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి గోడ లోలోపల మెత్తబడి పెళ్ళలు ఊడుతుంది, మా పెద్దనాన్న ఇల్లు అలాగే పోయింది. సున్నం గార చేయించండి. దూలాలకు, దంతెలకు చెదలు పట్టాయేమో పొడిచి చూడండి, వానాకాలానికి ముందు మిద్దె మీద చౌడు మన్ను పోయించండి, అది వాన నీళ్ళు లోపలికి దిగకుండా ఆపుతుంది. ఏటా చేయాల్సిన పనే, వేరే దారి లేదు.

జవాబు 3:
పహణీ (పొలం రికార్డు) ఇంకా తాతగారి పేరునే ఉంటే డబ్బు పెట్టకముందే పౌతి ఖాతా (పోయినవాళ్ళ పేరు నుంచి వారసుల పేరుకు మార్పు) చేయించుకోండి, బాబాయిలూ అత్తలూ అందరూ కూర్చుని మాట్లాడుకుని. ఇక నీళ్ళు. మీ చిక్కబళ్ళాపురం జిల్లాలో కొన్ని చెరువులకు హెచ్.ఎన్. (హెబ్బాళ-నాగవార) వ్యాలీ పథకం కింద బెంగళూరు శుద్ధి చేసిన మురుగునీరు వస్తోంది, మీ చెరువుకూ వస్తుందేమో కనుక్కుని, బావి పూడిక తీశాక నీళ్ళు పరీక్ష చేయించండి. కొత్త బోరు సంగతి తర్వాత, ముందు గట్లు వేసి వాన నీళ్ళు ఆపండి. సేంద్రియ సర్టిఫికెట్ కావాలంటే ఏడాది పంటలకు 2 ఏళ్ళు, చెట్లకు 3 ఏళ్ళు మార్పిడి కాలం ఉంటుంది, కాబట్టి ఏం వేశారో, ఏ ఎరువు తోలారో ఇవాళ్టి నుంచే పుస్తకంలో రాయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. పహణీ తాత పేరు మీదే ఉంది, సోమవారం సెలవు పెట్టి తాలూకా ఆఫీసుకి వెళ్తున్నా. మేస్త్రీకి సిమెంటు వద్దని చెప్పేశా. చౌడు గురించి ఫోన్లో అడిగితే, చెరువు కింద ఏ దిబ్బ దగ్గర తవ్వేవాళ్ళో అవ్వ గుర్తులతో సహా చెప్పింది, ఈ ఆదివారం తనను కారులో తీసుకెళ్ళి చూపించమంటాను.