తుఫాను మధ్యలో సబ్‌స్టార్మ్‌ను రాజేసేది ఏంది?

హన్మకొండ, ఎమ్మెస్సీ ఫిజిక్స్:
2024 మే 10–11 భూఅయస్కాంత తుఫాను (సౌరగాలి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసుడు) డేటా చూస్తున్న. బీజెడ్ (సౌరగాలి అయస్కాంత క్షేత్రంల ఉత్తర–దక్షిణ భాగం) దక్షిణం వైపే ఉన్న గంటల్లో కూడా ఏఎల్ సూచీ (ధ్రువాల దగ్గరి ఆకాశంల కరెంట్ బలాన్ని చూపే కొలత) ఉండుండి ధబేల్‌మని పడుతున్నది. ఒక్కో సబ్‌స్టార్మ్ (భూమి అయస్కాంత తోకలో పేరుకున్న శక్తి ఒక్కసారిగ విడుదలయ్యుడు) ఆ క్షణంలోనే ఎందుకు మొదలైతది? మన దగ్గరి డేటాలో జాడ దొరుకుతదా?

కాజీపేట:
తమ్ముడూ, చెరువు నిండుడు వేరు, కట్ట తెగుడు వేరు. దక్షిణ బీజెడ్ పని నింపుడే. పగటివైపు రీకనెక్షన్‌తో (బలరేఖలు తెగి మళ్ల వేరే తీరుగ అతుక్కునుడు) తెరుచుకున్న బలరేఖలు రాత్రివైపు సాగిన అయస్కాంత తోకలో పేరుకుంటయి, తోక నడుమ కరెంట్ పారే పొర, అంటే కరెంట్ షీట్, పలచబడుతది. మామూలుగ దీనికి అరగంట నుంచి గంట. తెగేది ఎక్కడ అన్నదే అసలు గొడవ. 20–30 భూవ్యాసార్ధాల దగ్గర రీకనెక్షన్ ముందా, 8–10 దగ్గర ఆ షీట్‌ల కరెంట్ భంగం ముందా? 2008 ఫిబ్రవరి 26న థెమిస్ ఉపగ్రహాలు పట్టిన ఘటనలో రీకనెక్షనే ముందు, ఒకటిన్నర నిమిషం తర్వాత అరోరా (ధ్రువాల ఆకాశపు వెలుగు) వెలిగింది. పెద్ద తుఫానులో తోక బాగ నొక్కుకపోతది. 2015 డిసెంబర్ తుఫానులో 10 వ్యాసార్ధాల లోపలే రీకనెక్షన్ కనబడ్డది. అందుకే బయటి తోపు లేకున్నా తెగొచ్చు.

వరంగల్:
అన్న చెప్పింది నిజమే. బీజెడ్ ఉత్తరానికి మళ్లుడే ట్రిగ్గర్ అని తొందరపడి రాయకు. తుఫానులో బీజెడ్ ఊగుతనే ఉంటది, ప్రతి ఆన్‌సెట్ (సబ్‌స్టార్మ్ మొదలైన క్షణం) పక్కన ఏదో ఒక మలుపు దొరుకుతది. అన్నే యాదృచ్ఛిక సమయాలు తీసుకుని వాటి పక్కన కూడా మలుపులు లెక్కపెట్టు, తేడా ఉంటేనే నమ్ము. సౌరగాలిని కొలిచే ఉపగ్రహాలుండే ఎల్1 బిందువు నుంచి మనకు 15 లక్షల కిలోమీటర్లు, సెకనుకు 750 కిలోమీటర్ల గాలికి 33 నిమిషాలు. నాసా వాళ్ల ఆమ్ని సౌరగాలి డేటాలో ఈ సమయం సవరణ ముందే చేసి ఉంటది, మళ్ల జరిపితే అంతా తారుమారు.
ఇంకోటి, ఏఎల్ లెక్కకట్టే ఏఈ స్టేషన్లు 12, అన్నీ 60–70 డిగ్రీల అయస్కాంత అక్షాంశాల మధ్య. పెద్ద తుఫానుల అరోరా వలయం వాటికంటే కిందికి దిగితే ఏఎల్ బలహీనంగ కనబడుతది. ఇంకా ఎక్కువ స్టేషన్లతో లెక్కకట్టే సూపర్‌మ్యాగ్ ఎస్ఎంఎల్ సూచీ కూడ పక్కన పెట్టుకో.

కాజీపేట:
జాడ కోసం హైదరాబాద్, చౌటుప్పల్‌లల్ల ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) అయస్కాంత అబ్జర్వేటరీలు ఉన్నయి. హెచ్ భాగాన్ని (భూ అయస్కాంత క్షేత్రపు అడ్డ భాగం) 40–150 సెకన్ల బ్యాండ్‌పాస్ ఫిల్టర్ చేసి పీఐ2 కంపనాలు (సబ్‌స్టార్మ్ మొదలైనప్పుడు వచ్చే చిన్న ఊగుడు) చూడు. ఒక సెకను డేటానే కావాలె, నిమిషం డేటాలో అవి సగం మాయమైతయి. మన దగ్గర సూర్యుని లెక్కన అర్ధరాత్రి దాదాపు 18:40 యూటీ (ప్రపంచ ప్రామాణిక సమయం), దాని చుట్టుపక్కల గంటలే పనికొస్తయి. మే 10న 17:05 యూటీకి, అంటే మనకు రాత్రి 10:35కు, హెచ్‌లో వచ్చిన ఎగురు సౌరగాలి షాక్ తగిలి వచ్చింది, సబ్‌స్టార్మ్‌తో కాదు. ఆ నిమిషాలను పక్కకు తీసేసి మొదలుపెట్టు, లేకుంటే ఫిల్టర్ ఆ కుదుపునే పీఐ2 లెక్క చూపిస్తది.