ఎం51 సుడి కంటికి కనబడుతుందా?

ప్రశ్న:
నా దగ్గర 8 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంది. సప్తర్షి మండలం తోక చివర ఉన్న మరీచిని పట్టుకుని ఎం51 గెలాక్సీని వెతికాను. రెండు మసక మచ్చలు దొరికాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అంతే. ఫోటోల్లో ఉండే సుడి లేదు, రంగులు లేవు. ఇంకా పెద్ద టెలిస్కోపు కొనాలా?

జవాబు 1:
రెండూ దొరికాయంటే టెలిస్కోపు బాగానే ఉంది. చిన్న మచ్చ దాని తోడు గెలాక్సీ, ఎన్‌జీసీ 5195.

జవాబు 2:
దయచేసి ఇప్పుడే కొనకండి. ముందు చీకటి వెతుక్కోండి. వీధిదీపాలతో ఆకాశం తెల్లబారితే, పెద్ద టెలిస్కోపు గెలాక్సీ వెలుగుతో పాటు ఆ తెలుపునూ పోగుచేస్తుంది. నిజమైన చీకట్లో 8 అంగుళాలకే సుడి భుజాల ఛాయ అందుతుంది, నేను చూశాను. కళ్లు చీకటికి అలవాటు పడేలా అరగంట ఫోన్ ముట్టకండి. 100 రెట్లు పెద్దగా చూపేలా పెట్టి, సూటిగా కాకుండా కొంచెం పక్కకి చూడండి. కంటి అంచుకే మసక వెలుగు బాగా తెలుస్తుంది.

రంగుల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అంత తక్కువ వెలుగులో కన్ను రంగు పట్టలేదు. కెమెరా గంటల తరబడి వెలుగు కూడబెడుతుంది కాబట్టే హైడ్రోజన్ మేఘాల గులాబీ, కొత్త నక్షత్రాల నీలం ఫోటోలో వస్తాయి.

1773లో దీన్ని కనుక్కున్న ఫ్రెంచి ఖగోళవేత్త మెస్యేకి కూడా సుడి కనపడలేదు. 1845లో ఐర్లండ్‌లోని బిర్ కోట దగ్గర లార్డ్ రాస్ 72 అంగుళాల లోహపు అద్దంతో చూసి, చేత్తో బొమ్మ గీశాడు. ఒక గెలాక్సీలో సుడి ఉందని మనుషులకి తెలిసింది అప్పుడే. అది పాలపుంతకి బయట ఉందని కూడా ఎవరికీ రూఢిగా తెలియని కాలం! ఆ బొమ్మనీ ఇప్పటి ఫోటోనీ పక్కపక్కన పెట్టి చూడండి. తోడు గెలాక్సీ వైపు సాగిన భుజం రెండింటిలోనూ ఉంటుంది. కెమెరా లేకుండా, కేవలం కన్నుతో! నాకు ఏ రంగుల ఫోటో కన్నా ఆ గీతలే ఇష్టం. మీరూ కాగితం, పెన్సిల్ తీసుకెళ్లండి. గీస్తూ చూస్తే కన్ను ఆగుతుంది, ఆగితేనే వివరం బయటపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే అమావాస్యకి వెళ్తాను. ఏ నెలలు మంచివి?

జవాబు 2:
ఏప్రిల్, మే. రాత్రి పదింటి తర్వాత ఉత్తరాన బాగా పైకి వస్తుంది. ఎర్ర టార్చి మర్చిపోకండి, మీ బొమ్మ ఇక్కడ పెట్టండి.