టకోమాకి 33 అంగుళాల టైర్లు: లిఫ్ట్ ఎంత, గేర్లు మార్చాలా?

కొండదారి_డెన్వర్:
అందరికీ నమస్తే. నాది 2019 టొయోటా టకోమా పికప్ ట్రక్కు, టీఆర్‌డీ ఆఫ్‌రోడ్, డబుల్ క్యాబ్, వీ6 ఆటోమేటిక్. కొన్నప్పటి నుంచీ కంపెనీ సైజు టైర్లే, 265/70ఆర్16. పోయిన వేసవిలో కొలరాడో కొండల్లో ఆల్పైన్ లూప్ అనే మట్టిదారికి వెళ్లాం, అందులో సిన్నమన్ పాస్ ఎక్కుతుంటే వెనక డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో కిందికి ఉబ్బి ఉండే గేర్ల పెట్టె) ఒక రాయికి గట్టిగా తగిలింది. దిగి చూస్తే గీత తప్ప ఏమీ లేదు కానీ ఆ చప్పుడుకి పిల్లలు బాగా భయపడ్డారు. అప్పటి నుంచి బండి ఎత్తు పెంచాలని ఉంది. షాపులో అడిగితే 3 అంగుళాల లిఫ్ట్ (సస్పెన్షన్ ఎత్తు పెంచడం), 285/70ఆర్17 టైర్లు, ముందూ వెనకా డిఫరెన్షియల్స్‌లో 4.88 రేషియో గేర్లు, అన్నీ ఒకేసారి చేయించుకోమన్నారు. లెక్క వేస్తే ఒక పాత కారు కొనుక్కోవచ్చు. నేను ట్రెయిల్స్‌కి వెళ్లేది ఏడాదికి ఐదారు సార్లు, మిగతా రోజులన్నీ ఐ-25 మీద ఆఫీసుకి, చలికాలంలో ఐ-70 మీద కొండల్లోకి. మే నెలలో అమ్మానాన్న వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. ఇదంతా నిజంగా అవసరమా? దేనితో మొదలుపెట్టాలి?

రాతిబాట:
బ్రదర్, మీకు తగిలింది వెనక డిఫరెన్షియల్ కదా, అక్కడి నుంచే ఆలోచించండి. టకోమాకి వెనక సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాల మధ్య ఒకే గట్టి ఇరుసు, డిఫ్ దాంట్లోనే ఉంటుంది. లిఫ్ట్ వేస్తే ఫ్రేమూ బాడీ లేస్తాయి, యాక్సిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే, అది కూడా టైరు ఎత్తు పెరిగినదాంట్లో సగమే. మీ టైరు 30.6 అంగుళాలు, 285/70ఆర్17 అయితే 32.7, 33 అని పిలిచేది దీన్నే. అంటే అంత ఖర్చు పెట్టాక డిఫ్ కింద మీకు కొత్తగా దొరికేది ఒక్క అంగుళం.

అందుకే ముందు టైరు ఏదో తేల్చుకోండి, దానికి కావలసినంతే లిఫ్ట్, దాన్ని బట్టే గేర్లు. చాలామంది తిరగేసి లిఫ్ట్‌తో మొదలుపెడతారు, తర్వాత టైరు తగులుతోందని ఒక్కొక్కటీ మారుస్తూ పోతారు. పైగా 285/70ఆర్17కి కొత్త రిమ్ములు కావాలి, చాలా బండ్లలో క్యాబ్ మౌంట్ (క్యాబిన్‌ని ఫ్రేముకి బిగించే బ్రాకెట్) కోసి వెల్డింగ్ కూడా చేయించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు వెనక అంచు తగిలేది అక్కడే, పైగా గుంతలో సస్పెన్షన్ నొక్కుకుంటే చక్రం మళ్లీ పాత ఎత్తుకే వస్తుంది కాబట్టి లిఫ్ట్ ఒక్కటే దాన్ని ఆపలేదు. స్పేర్ కూడా అదే సైజు ఉండాలి, అందుకని ఐదు టైర్ల ధర వేసుకోండి.

నేనైతే మీ వాడకానికి 265/75ఆర్16 వేస్తాను. 31.6 అంగుళాలు, మీ రిమ్ములకే ఎక్కుతుంది, గేర్ల గొడవ లేదు.

పాతబండి_సీఎస్:
అన్న చెప్పిన టైరు లెక్క కరెక్టే. కానీ 33లే వేయాలనుకుంటే మాత్రం గేర్ల ఖర్చు తప్పించుకోవద్దు, నేను ఏడాది పాటు అలా నడిపి చెబుతున్నాను. ఈ వీ6 టార్క్ (లాగే బలం) అంతా పైనే, 4,600 ఆర్‌పీఎం దగ్గర. ఆటోమేటిక్‌కి కంపెనీ ఇచ్చిన డిఫ్ గేర్ రేషియో 3.91, ఈ నంబరు పెరిగితే అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది. గంటకి 70 మైళ్ల మీద ఆరో గేర్లో కంపెనీ టైర్లతో దాదాపు 1,750 ఆర్‌పీఎం ఉంటుంది, 33లతో 1,630కి పడిపోతుంది. ఐ-70 మీద ఐసెన్‌హవర్ టన్నెల్ వైపు ఎక్కుతుంటే బండి ఆరులో నిలవదు, ఐదుకీ నాలుగుకీ ఊరికే మారుతూ ఉంటుంది. ఆ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది, టర్బో లేని ఇంజిన్ అక్కడికి చేరేసరికి దాదాపు మూడో వంతు బలం పోగొట్టుకుంటుంది, దాని మీద బరువు టైర్లు. 4.88 వేశాక అదే వేగంలో 2,040 చుట్టూ ఉంటోంది, ఇప్పుడు హాయిగా ఎక్కుతోంది. లెక్క ప్రకారం పాత ఊపు రావడానికి 4.18 చాలు, అయినా టైరు బరువూ కొండలూ కలిపి చూస్తే మన దగ్గర 4.56 కంటే 4.88 నయం అని నా అభిప్రాయం.

ముందు వెనక రెండింటికీ ఒకే రేషియో ఉండాలి, లేకపోతే ఫోర్ వీల్ వేసిన రోజు ఆ భారం ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె) మీద పడుతుంది. మీది ఫ్యాక్టరీ లాకర్ (వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేది) ఉన్న యాక్సిల్, దానికి సరిపోయే సెట్టేనా అని ముందే అడగండి. డిఫ్ సెట్ చేసే పని చేయి తిరిగిన మనిషే చేయాలి, చవకగా చేస్తామన్నారని ఇచ్చేయకండి. కొత్త గేర్లతో మొదటి 500 మైళ్లు మెల్లగా నడిపి ఆయిల్ మార్చండి.

ఇంకోటి, స్పీడోమీటర్. 33లతో 60 చూపిస్తుంటే నిజంగా మీరు 64లో ఉంటారు. మైలేజీ కూడా ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, అది చూసి టెన్షన్ పడొద్దు.

ఆరంజి_మట్టి:
నాదీ టకోమానే. నేను మొదట స్ట్రట్ మీద పెట్టే స్పేసర్లతో 3 అంగుళాలు లేపించాను, చవక అని. అలైన్‌మెంట్ చేసినవాళ్లు కాస్టర్ (బండి నేరుగా పోయేలా చేసే ముందు చక్రాల కోణం) రావట్లేదని చెప్పకుండా బండి ఇచ్చేశారు, హైవే మీద స్టీరింగ్ అటూ ఇటూ తిరుగుతూ ఉండేది, నిలకడే లేదు. ముందు చక్రాలని తిప్పే సీవీ యాక్సిల్ కోణం ఎక్కువై ఏడాది తిరక్కుండానే దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజంతా రిమ్ము లోపల పడింది. తర్వాత మంచి కాయిలోవర్లు (స్ప్రింగూ షాకూ కలిసి ఉండేవి), అప్పర్ కంట్రోల్ ఆర్ములు వేయించి 2 అంగుళాలకు దించుకున్నాను, అప్పుడు సరైంది. సస్పెన్షన్‌కి బిల్‌స్టీన్ 5100 గానీ ఓల్డ్ మ్యాన్ ఈము గానీ చూడండి. వెనక స్ప్రింగు మాత్రం మీరు నిజంగా మోసే బరువును బట్టి తీసుకోండి, ఖాళీ బండికి బరువు స్ప్రింగు వేస్తే వెనక కూర్చున్నవాళ్ల నడుము పోతుంది.

అమ్మానాన్న వస్తున్నారన్నారు. 3 అంగుళాల లిఫ్టూ ఆ టైర్లూ కలిపితే ఫ్లోరు నాలుగు అంగుళాలు పైకి పోతుంది. మా అమ్మ చీరలో ఎక్కలేక గుడికి వెళ్లే ప్రతిసారీ ఇబ్బంది పడింది, స్టూలు ఒకటి వెనక పెట్టుకుని తిరిగాను. దయచేసి ఇది కూడా లెక్కలో పెట్టుకోండి.

కొండదారి_డెన్వర్:
అందరికీ చాలా థ్యాంక్స్, నిజంగా కళ్లు తెరిపించారు. లిఫ్ట్ వేస్తే డిఫ్ కూడా లేస్తుందనే అనుకుంటూ ఉన్నాను ఇన్నాళ్లూ. 265/75ఆర్16 ఐదు టైర్లు, సైడ్ స్టెప్పులు ఇప్పుడు వేయిస్తాను. లిఫ్ట్ 2 అంగుళాలతో వచ్చే ఏడాది చూస్తాను. టైర్లు లోడ్ రేంజ్ (మోసే బలం) ‘E’ తీసుకోమంటారా, ‘C’ చాలా?

రాతిబాట:
‘C’ చాలు. ‘E’ లోడ్ టైరు బరువూ ఎక్కువే, ఖాళీ ట్రక్కులో గట్టిగా కూడా ఉంటుంది. రాళ్లలోకి వెళ్లేటప్పుడు గాలి కొంచెం తగ్గించండి, తిరిగి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ ఒకటి కొనుక్కోండి. అలాంటి రాయి దగ్గర డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్లు దిగి దారి చూపిస్తే టైరుని రాయి మీదికే ఎక్కించి దాటొచ్చు, రాయిని డిఫ్ కిందికి రానివ్వకండి.