బోటు ట్రైలర్ హబ్బులకి గ్రీజా, ఆయిలా?

కృష్ణఒడ్డు: కృష్ణలో దించే చిన్న ఫైబర్ బోటు మాది. అప్పుడప్పుడు సూర్యలంకకూ వెళ్తుంది. ట్రైలర్ హబ్బులు, అంటే చక్రం మధ్యలో బేరింగులుండే డిప్పలు, మార్చాలి. ఆటోనగర్ మెకానిక్ గ్రీజు హబ్బులు చాలంటున్నాడు, మా బావ ఆయిల్ హబ్బులే వేయించమంటున్నాడు. వెనక లైట్లూ ఎప్పుడు వెలుగుతాయో తెలియదు. ఏం చేయమంటారు?

గ్రీజుగన్: గ్రీజే. సీలు, అదే లోపలిది కారకుండా ఆపే రబ్బరు రింగు, కొంచెం దెబ్బతిన్నా గ్రీజు ఇంటికి చేరుస్తుంది. ఆయిలైతే బాపట్ల దాటకముందే రోడ్డు పాలు. స్ప్రింగు మూత బిగించండి, లోపలి ఒత్తిడి బయటి నీటికంటే కాస్త ఎక్కువుండి నీళ్లను రానివ్వదు.

రేవుబాబు: ఆ స్ప్రింగు మూత ఉందని జనం గ్రీజు గన్ను పెట్టి కొడుతూనే ఉంటారు, వెనక సీలు ఊడొస్తుంది. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే అదే. పైగా లోపల ఏమైందో విప్పితేగానీ తెలియదు. ఆయిల్ హబ్‌కి లోపలిది బయటికి కనిపించే మూత ఉంటుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడిందా, నీళ్లు చేరినట్టే.

గ్రీజుగన్: చూసి ఏం లాభం బాబూ, సూర్యలంకలో ఆ సీలు ఎవరిస్తారు?

ఇరుసు: ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. అంత దూరం పరుగెత్తిన హబ్ వేడిగా ఉంటుంది. అలాగే నీళ్లలోకి దించితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, సీలు సందుల్లోంచి నీళ్లను లాక్కుంటుంది. ముందు చెయ్యి పెట్టి చూడండి. చల్లారాకే దించండి, గ్రీజైనా ఆయిలైనా. లైట్లూ అంతే: వేడి బల్బు మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. ప్లగ్గు పీకాకే దించాలి. సీలు చేసిన ఎల్‌ఈడీలు కొనండి, కానీ సగం జబ్బు ఎర్త్‌లోనే, అంటే కరెంటు తిరిగెళ్లే దారిలోనే. ఇండికేటర్ వేస్తే పక్క లైటు కూడా మిణుకుమంటే ఎర్త్ పోయినట్టే. తుప్పు పట్టే చట్రాన్ని నమ్మకుండా లైటు నుంచి ప్లగ్గుదాకా విడి వైరు లాగించండి. టేపు చుట్టి సరిపెట్టే వాడికి ఆ పని ఇవ్వొద్దు.

రేవుబాబు: చల్లారేదాకా ఆగే ఓపిక ఎవరికుందండీ, వేటకి టైమైపోతుంటే!

ఇరుసు: అందుకే బేరింగులు అమ్ముడుపోతున్నాయి.

కృష్ణఒడ్డు: సరే, గ్రీజుకే వెళ్తున్నా, సామాను ఇక్కడే దొరుకుతుంది కాబట్టి. పాతది నీలం గ్రీజు, కొత్తది ఎర్రది. దాని మీదే కొట్టేయొచ్చా?

గ్రీజుగన్: వద్దు. రంగు సంగతి కాదు, లిథియం రకమూ కాల్షియం రకమూ కొన్నిసార్లు కలవవు, పలచబడి కారిపోతాయి. బేరింగులు విప్పి కిరోసిన్‌లో కడిగి, బాగా ఆరాక కొత్తది నింపండి. డబ్బా మీద మెరైన్ అని ఉందో లేదో చూసుకోండి. కొత్త సీళ్లు కూడా ఇప్పుడే కొనేయండి.